వీధి పిల్లులకు సాయం చేయాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, చేపల మార్కెట్ల వెనుక, గుడి ప్రాంగణాల్లో, హాస్టల్ వంటశాలల పక్కన ఎన్నో పిల్లులు మన మధ్యే పుట్టి మన మధ్యే బతుకుతున్నాయి. వాటికి తిండి పెట్టడం, కూనలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడం, మచ్చికైన వాటికి ఇళ్ళు వెతకడం, ఈ పనులన్నీ ఇరుగుపొరుగువారం కొందరం కలిసి చేస్తున్నాం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు, ఆపదలో ఉన్న పిల్లిని చూసి మాకు ఫోను చేసేవారు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాం. ఒక్క మాట ముందే చెబుతాం: తిండి పెట్టడం, ఆపరేషన్ చేయించడం రెండూ కలిసి సాగాలి. మొదటిది ఒక్కటే చేస్తే మరుసటి ఏడాదికి ఆకలితో తిరిగే పిల్లులు ఇంకా పెరుగుతాయి.

మా సెల్లార్‌లో కళ్ళు తెరవని పిల్లి కూనలు కనిపించాయి. తల్లి జాడ లేదు. ఇంటికి తెచ్చేయమంటారా?

వద్దు, ముందు ఆగండి. మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. చాలాసార్లు తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. చోటు నచ్చకపోయినా, మనుషుల అలికిడి పెరిగినా ఒక్కొక్క కూననూ నోట కరుచుకుని వేరే మూలకు మారుస్తుంది. మీరు చూసే సమయానికి రెండింటిని అక్కడికి చేర్చి, మిగిలినదాని కోసం తిరిగి వస్తూ ఉండవచ్చు. లేదా తిండి వెతుక్కుంటూ వెళ్ళి ఉండవచ్చు, దానికి కొన్ని గంటలు పడుతుంది. మీరు పక్కనే నిలబడి చూస్తుంటే అది రాదు.

కూనల్ని చూస్తేనే సంగతి చాలావరకు తెలుస్తుంది. పొట్టలు గుండ్రంగా ఉండి, ఒకదాని మీద ఒకటి ఒదిగి నిద్రపోతుంటే వాటికి పాలు అందుతున్నట్లే. ఆగకుండా అరుస్తూ, ఒళ్ళు చల్లబడి, పొట్ట లోపలికి పోయి ఉంటే తల్లి వచ్చి చాలాసేపయిందని అర్థం. అనుమానం తీరకపోతే వాటి చుట్టూ నేల మీద బియ్యప్పిండి పలచగా చల్లి వెళ్ళిపోండి. రెండు మూడు గంటల తర్వాత వస్తే, తల్లి వచ్చి వెళ్ళినట్లయితే దాని అడుగులు పిండిలో కనిపిస్తాయి.

వాన నీరు చేరుతున్నా, కుక్కలు తిరుగుతున్నా, కారు చక్రం పక్కనే ఉన్నా కూనల్ని కదపక తప్పదు. అట్టపెట్టెలో పాత నూలు గుడ్డ పరిచి, కొద్ది అడుగుల దూరంలోనే క్షేమంగా ఉండే మూలకు చేర్చండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. వాటి అరుపు విని వెతుక్కుంటూ వస్తుంది.

తల్లి నిజంగానే లేదని తేలితే?

అప్పుడు పాల కంటే ముందు కావలసింది వెచ్చదనం. నాలుగు వారాల లోపు కూన తన ఒంటి వేడిని తానే సరిగా నిలుపుకోలేదు. చల్లబడిన కూనకు పాలు పట్టిస్తే అవి అరగవు, ప్రాణం మీదికి వస్తుంది. సీసాలో వేడి నీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కన ఉంచండి. వేడి ఎక్కువైతే పక్కకు జరిగేందుకు రెండో వైపు ఖాళీ వదలండి. ఒళ్ళు వెచ్చబడి, కదలిక వచ్చాకే పాలు.

ఆవు పాలు, గేదె పాలు, పసిపాపలకిచ్చే పాలపొడి వద్దు. విరేచనాలు పట్టుకుంటాయి, అంత చిన్న ఒంట్లో నీరు తగ్గితే గంటల్లోనే నీరసించిపోతుంది. పెంపుడు జంతువుల దుకాణాల్లో పిల్లి కూనల కోసం తయారైన పాలపొడి దొరుకుతుంది. మొదటి వారంలో రాత్రింబవళ్ళు రెండు మూడు గంటలకోసారి పట్టాలి. కూనను చంటిపాపలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగేటప్పుడు ఉన్నట్లే బోర్లా ఉంచి, తల కొద్దిగా పైకెత్తి, నెమ్మదిగా పట్టండి. ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన దూదితో పొట్ట కింద మెల్లగా తుడవాలి, లేకపోతే మూత్రం, మలం రావు. తల్లి నాలుకతో చేసే పని అది. వంటింటి త్రాసులో రోజూ తూచి రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న కూన రోజుకు సుమారు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. రెండు రోజులు బరువు పెరగకపోతే డాక్టరుకు చూపించాలి.

కళ్ళు ఏడు నుంచి పధ్నాలుగు రోజుల మధ్య తెరుచుకుంటాయి. నాలుగు వారాలకు మెత్తని తిండి నాకడం మొదలుపెడతాయి. అప్పటిదాకా ఇది రాత్రి నిద్ర లేని పని. రోజంతా ఆఫీసులో ఉండేవారు దయచేసి ఒంటరిగా ఒప్పుకోవద్దు. పాలిచ్చే తల్లిపిల్లి మా దృష్టిలో ఏదైనా ఉందేమో మొదట అడగండి. చాలా తల్లులు తమవి కాని కూనలకు కూడా పాలిస్తాయి, సీసా పాలకంటే అది ఎన్నో రెట్లు మేలు.

వీధి పిల్లులకు ఏం పెట్టాలి? పాలు, పెరుగన్నం సరిపోవా?

సరిపోవు. పిల్లి మాంసాహారి. దాని గుండెకు, కంటిచూపుకు టారిన్ అనే పదార్థం తప్పనిసరి, అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. పెరుగన్నం తిని బతికే పిల్లులను చూసే ఉంటారు, నిజానికి అవి ఎలుకలూ బల్లులూ పట్టుకుని లోటు తీర్చుకుంటున్నాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పిల్లికి పాలంటే ఇష్టమే, ఒంటికి మాత్రం పడవు.

పిల్లుల కోసం తయారైన పొడి తిండి మంచిదే. ఖర్చు తగ్గించుకోవాలంటే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, కోడి కార్జం కొద్దిగా, ముళ్ళు తీసిన చేప, దానిలో గుప్పెడు అన్నం కలిపి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తకణాలను దెబ్బతీస్తాయి, కాబట్టి మిగిలిన కూర పెట్టవద్దు. ఉడికిన ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి. మంచినీళ్ళ గిన్నె తిండికి కొంచెం దూరంగా పెడితే ఎక్కువ తాగుతాయి.

వేళ, చోటు మార్చవద్దు. అరగంటలో తిన్నంత తిన్నాక మిగిలింది తీసి, నేల కడిగేయండి. పిల్లుల మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా నిజానికి ఎండిపోయిన అన్నం, చీమలు, ఎలుకల మీద ఫిర్యాదులే. పైగా ఒకే వేళకు తిండికి అలవాటు పడిన పిల్లిని బోనులోకి రప్పించడం చాలా సులువు.

ఆపరేషన్ ఎందుకు? ప్రకృతికి అడ్డు వెళ్ళడం కాదా?

ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. కడుపుతో ఉండేది 63 నుంచి 65 రోజులు. పాలిస్తూ ఉండగానే మళ్ళీ కట్టగలదు. పిల్లుల ఎద పగటి వెలుగును బట్టి ఉంటుంది. చలి దేశాల్లో శీతకాలం వాటికి విరామం దొరుకుతుంది, పగటి పొడవు పెద్దగా మారని మన దగ్గర ఏడాది పొడవునా కూనలు పుడుతూనే ఉంటాయి. వాటిలో ఎన్ని బతుకుతాయో సెల్లార్ ఊడ్చేవారిని అడగండి. కారు కింద పడినవి, కుక్కలకు దొరికినవి, వాంతులు విరేచనాలతో రెండు రోజుల్లో పోయినవి వాళ్ళు చూసినన్ని మరెవరూ చూసి ఉండరు. ఆ చావులు ప్రకృతి ధర్మమని వదిలేయడానికి మా మనసు ఒప్పదు. పిల్లిని ఇళ్ళ దగ్గరికి రప్పించి, ధాన్యం కాపలాకు పెట్టుకుని, వేల ఏళ్ళుగా పక్కన ఉంచుకున్నది మనమే.

మగపిల్లికీ చేయించాలి. గండుపిల్లుల రాత్రి పోట్లాటలు, గోడల మీద కొట్టే మూత్రం వాసన, వీధులు దాటి తిరగడం బాగా తగ్గుతాయి. కాట్ల ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి సోకే జబ్బులు కూడా తగ్గుతాయి.

పట్టుకుని ఊరి బయట వదిలేస్తే సమస్య తీరిపోతుంది కదా?

అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో మాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. తీరదు. ముందు ఆ పిల్లి సంగతి చూడండి. పిల్లికి మనుషుల కంటే చోటుతో అనుబంధం ఎక్కువ. నీళ్ళెక్కడ, ఏ గోడ దూకితే కుక్క అందుకోలేదు, ఏ వేళకు ఎవరు తిండి పెడతారు, ఇదంతా తెలిసిన చోటే దాని బతుకు. తెలియని చోట వదిలితే తిరుగుదారి వెతుకుతూ రోడ్ల మీదికి వెళుతుంది, లేదా అక్కడి పిల్లులు తరిమితే ఆకలితో చస్తుంది. ఆకలికో దాహానికో గురయ్యే పరిస్థితిలో జంతువును వదిలేయడం జంతు హింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ కింద నేరం కూడా.

ఇక మీ సెల్లార్. పిల్లులు అక్కడికి వచ్చింది ఎలుకలు, చెత్తడబ్బా, నీడ ఉన్నందుకు. ఆ మూడూ అలాగే ఉంటాయి. ఖాళీ అయిన చోటుకు పక్క వీధి నుంచి ఆపరేషన్ కాని పిల్లులు వస్తాయి, కొద్ది నెలల్లో కూనలతో సహా లెక్క మొదటికే వస్తుంది. ఆపరేషన్ అయిన పిల్లులు ఉన్నచోటే ఉంటే, అవి కొత్తవాటిని సులభంగా రానివ్వవు, సంఖ్యా పెరగదు. అందుకే పట్టుకోవడం, ఆపరేషన్, టీకా, తిరిగి అక్కడే వదలడం అనే పద్ధతిని ప్రపంచమంతటా పాటిస్తున్నారు.

మచ్చిక కాని పిల్లిని ఎలా పట్టుకుంటారు?

చేతులతో, గోనెసంచితో ప్రయత్నించవద్దు. భయపడిన పిల్లి కాటు ఎముక దాకా దిగుతుంది, సంచిలో దానికి ఊపిరి ఆడదు. వాడాల్సింది పిల్లి బోను. ఇది ఇనుప వల పెట్టె, లోపల చివరన తొక్కుడు పలక ఉంటుంది. పిల్లి దాని మీద కాలు వేయగానే వెనుక తలుపు పడుతుంది.

పని అసలు రోజుకు చాలా ముందే మొదలవుతుంది. బోను తలుపును తాడుతో తెరిచి కట్టేసి, కొన్ని రోజులు అందులోనే తిండి పెట్టాలి. వల మీద కాలు పెట్టడానికి పిల్లులు జంకుతాయి, కాబట్టి అడుగున వార్తాపత్రిక పరవండి. ఆపరేషన్‌కు ముందు రోజు ఉదయం నుంచి తిండి ఆపి, చీకటి పడ్డాక తాడు విప్పి బోను పెడతాం. ఎరకు కవళ్ళు అనే చేపలను మించింది లేదు. ఉడికించిన కవళ్ళను పలక వెనుక పెట్టి, వాటి నీళ్ళను గుమ్మం నుంచి లోపలిదాకా చుక్కలుగా వేస్తాం. ఎండు మెత్తళ్ళు కూడా పనిచేస్తాయి, కానీ వాటిలో ఉప్పు ఎక్కువ, వాసన కోసం ఒకటి రెండు చాలు. చుట్టుపక్కల తిండి పెట్టేవారందరికీ ఆ రాత్రి మానమని ముందే చెప్పాలి. ఎవరో ఒకరు జాలిపడి గుప్పెడు తిండి వేస్తే ఆ రాత్రి పని జరగదు.

తలుపు పడగానే పిల్లి వలను గుద్దుకుంటుంది. ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా మందపాటి దుప్పటి కప్పాలి. చీకటి కాగానే నిమిషంలో సద్దుమణుగుతుంది. మొదటిసారి చూసేవారికి ఆ మార్పు నమ్మశక్యంగా ఉండదు. బోనును ఎప్పుడూ ఒంటరిగా వదలకూడదు. ఎండ, కుక్కలు, ఆకతాయిలు, దేనికైనా లోపలున్న జీవి పారిపోలేదు. దానిని చేతితో తీసే ప్రయత్నం వద్దు, బోనుతోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మే నెల ఎండల్లో పట్టే పని మానుకోవడమే మంచిది.

ఆపరేషన్ అయిన గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించడం క్రూరం కాదా?

మత్తులో ఉండగానే, ఆపరేషన్‌తో పాటే, సుమారు ఒక సెంటీమీటరు మేర తిన్నగా తీస్తారు. త్వరగా మానుతుంది. ఆ గుర్తు లేకపోతే అదే ఆడపిల్లిని మళ్ళీ పట్టి, మళ్ళీ మత్తిచ్చి, పొట్ట కోశాక గానీ ఇంతకుముందే అయిందని తెలియదు. మెడపట్టీలు చెట్లకు చిక్కుకుంటాయి, ఊడిపోతాయి. దూరం నుంచి కనిపించే గుర్తు ఇదొక్కటే.

ఆపరేషన్ ఎక్కడ చేయిస్తారు? తర్వాత ఎలా చూసుకోవాలి?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, గన్నవరంలోని ఎన్‌టీఆర్ పశువైద్య కళాశాల వంటి చోట్ల బోధనాసుపత్రులు ఉన్నాయి. 1992లో మొదలైన హైదరాబాద్ బ్లూ క్రాస్, 1996 నుంచి విశాఖపట్నంలో పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ వంటి జంతు సంక్షేమ సంస్థలు ఉన్నాయి. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది వీధి పిల్లి అని చెబితే ఖర్చు తగ్గిస్తారు, అడగడానికి మొహమాటపడవద్దు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఫోను చేసి రోజు ఖరారు చేసుకోండి. మచ్చిక కాని పిల్లి అని, బోనులో తెస్తున్నామని తప్పకుండా చెప్పండి. ప్రతి డాక్టరూ అలాంటి పిల్లికి మత్తు ఇవ్వడానికి సిద్ధంగా ఉండరు.

డాక్టరును రెండు కోరండి. ఒకటి, వాటంతటవే కరిగిపోయే కుట్లు. వీధి పిల్లిని కుట్లు విప్పడానికి మళ్ళీ పట్టుకోలేం. రెండు, అదే మత్తులో రేబిస్ టీకా. ఆపరేషన్ తర్వాత ఎక్కువ వెలుతురు లేని నిశ్శబ్దమైన గదిలో బోనును ఉంచి, ఒళ్ళు చల్లబడకుండా చూడాలి. పూర్తిగా తెలివి వచ్చాకే తిండి. మగపిల్లిని ఒక రోజు, ఆడపిల్లిని ఒకటి రెండు రోజులు ఉంచి, రక్తం కారడం, నీరసం లేవని చూశాక, పట్టిన చోటనే, రోడ్డుకు ఎదురుగా కాకుండా గోడవైపు తలుపు తెరిచి వదలండి.

పాలిచ్చే తల్లి బోనులో పడితే?

కూనలు ఎక్కడున్నాయో తెలిసి, అవి ఆరు వారాలు దాటి ఉంటే అన్నింటినీ కలిపి తీసుకెళ్ళడం మంచిది. చిన్నవైతే తల్లిని వదిలేసి కొన్ని వారాలు ఆగండి. మళ్ళీ దొరకదనిపించే గడుసు పిల్లి అయితే డాక్టరుతో మాట్లాడి ఉదయం ఆపరేషన్ చేయించి, తెలివి రాగానే అదే రోజు వదలవచ్చు. ఆపరేషన్ అయినా పాలు ఆగవు.

ఏ పిల్లులకు ఇళ్ళు వెతుకుతారు? అన్నింటికీ ఎందుకు కాదు?

రెండు వారాల వయసు నుంచి ఏడెనిమిది వారాల దాకా కూన మెదడు మనుషుల్ని తనవాళ్ళుగా ఒప్పుకునే దశలో ఉంటుంది. ఆ రోజుల్లో మనిషి చేతి స్పర్శ, మాట, ఇంటి చప్పుళ్ళు అలవాటైతే జీవితాంతం మచ్చికగా ఉంటుంది. నాలుగు నెలలు దాటిన, మనుషుల్ని ఎరగని పిల్లిని గదిలో పెట్టి ప్రేమిస్తే మారుతుందనుకోవడం దానికి శిక్ష. మంచం కింద నుంచి నెలల తరబడి బయటికి రాని పిల్లి బాగున్నట్లు కాదు. దానికి మనం చేయగల మేలు ఆపరేషన్, టీకా, రోజూ తిండి, తన చోటు.

ఇళ్ళు కావలసినవి వేరే ఉన్నాయి: కూనలు, ఒకప్పుడు ఇంట్లో పెరిగి వీధిన పడ్డవి. కొత్త మనిషిని చూసి తోక పైకెత్తి దగ్గరకు వచ్చేది, కళ్ళలోకి చూసి అరిచేది, ఒకప్పుడు ఎవరి ఇంటిదో అయి ఉంటుంది. ముచ్చటపడి కొన్న పర్షియన్ పిల్లుల్ని బొచ్చు రాలుతోందనో, ఇల్లు మారుతున్నామనో వదిలేసే వారి సంఖ్య పెరుగుతోంది. జడలు కట్టిన బొచ్చుతో అవి వీధిలో వారాల్లోనే చిక్కి శల్యమవుతాయి. అలాంటిది కనిపిస్తే ఆలస్యం చేయకుండా పట్టుకోండి.

పెంచుకుంటామని వచ్చేవారిని ఎలా ఎంచుకుంటారు?

ఇంటికి వెళ్ళి చూస్తాం. కిటికీలకు, బాల్కనీకి వల ఉందా అన్నది మొదటి సంగతి. పిట్టను చూసి దూకిన పిల్లులు నాలుగో అంతస్తు నుంచి పడటం అరుదేమీ కాదు. ఇంట్లో అందరికీ ఇష్టమేనా, అద్దె ఇల్లయితే యజమానికి తెలుసా అని అడుగుతాం. మేము తప్పక అడిగే మరో ప్రశ్న: సంక్రాంతికి ఊరెళితే పిల్లిని ఎవరు చూస్తారు? దీనికి వెంటనే జవాబు చెప్పేవారి దగ్గర పిల్లులు బాగుంటాయి. ఆ సంగతి ముందే ఆలోచించుకున్నవారు మిగిలినవన్నీ కూడా ఆలోచించుకునే ఉంటారు.

పుట్టినరోజు కానుకగా ఇవ్వడానికి అడిగితే ఇవ్వం. కూనలను వీలైతే జంటగా ఇస్తాం, ఒంటరి కూన తోడు లేక మనిషి చేతుల్నే కరుస్తూ ఆడటం నేర్చుకుంటుంది. ఎనిమిది వారాల లోపు తల్లి నుంచి వేరు చేయం. మొదటి టీకా ఎనిమిది వారాలకు, రెండోది పన్నెండు వారాలకు, రేబిస్ టీకా పన్నెండు వారాలు దాటాక వేయిస్తాం. వయసు వచ్చాక ఆపరేషన్ చేయిస్తామని రాయించుకుంటాం, చేయించారో లేదో కనుక్కుంటాం. కుదరకపోతే ఎన్నేళ్ళకైనా పిల్లిని మాకే తిరిగి ఇవ్వాలి. నల్లపిల్లి వద్దనేవారితో వాదించం. వాటికి ఇల్లు దొరకడం ఆలస్యమవుతుంది, అంతే, ఆగుతాం.

కొత్త పిల్లి ఇంటికొచ్చిన మొదటి రోజుల్లో ఏం చేయాలి?

ఇల్లంతా ఒకేసారి చూపించవద్దు. ఒక చిన్న గది, అందులో దాక్కునే అట్టపెట్టె, నీళ్ళు, తిండి, వాటికి దూరంగా మలమూత్రాలకు ఇసుక పళ్ళెం చాలు. అదే బయటికి వచ్చేదాకా మీరు కింద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. ఇంట్లో వేరే పిల్లి ఉంటే రెండు వారాలు కలపవద్దు. పిల్లుల్లో పాన్‌ల్యూకోపేనియా అనే వైరస్ జబ్బు టీకా లేని కూనల్ని చాలా త్వరగా బలి తీసుకుంటుంది. తిండి మానేయడం, వాంతులు, విరేచనాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఆ వైరస్ గదిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది, ఫినాయిల్‌కు చావదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణాన్ని 32 వంతుల నీటిలో కలిపి తుడవాలి.

మనింట్లో ఉండే వస్తువుల్లో పిల్లికి ప్రమాదమైనవి ఏవి?

అన్నింటికన్నా ముందు పారాసిటమాల్. జ్వరంగా ఉందని ఒక్క మాత్ర ఇస్తే పిల్లి చనిపోవచ్చు. దాని కాలేయం ఆ మందును విడగొట్టలేదు. కుక్కల పిడుదులకు మెడ మీద వేసే పెర్‌మెత్రిన్ మందు పిల్లికి విషం. నేల తుడిచే ఫినాయిల్, నీళ్ళలో వేస్తే తెల్లగా మారే యాంటిసెప్టిక్ ద్రావణాలు కూడా ప్రమాదమే. పాదాలకు అంటినది నాకుతుంది. గాయాన్ని ఉప్పు నీటితో లేదా పలుచని పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేయండి. ఎలుకల జిగురు అట్టకు కూన అతుక్కుంటే లాగవద్దు, వంటనూనె రాస్తూ నెమ్మదిగా విడిపించండి.

పిల్లి కరిచినా, రక్కినా ఏం చేయాలి?

వెంటనే పారే నీటి కింద, సబ్బుతో, పూర్తిగా 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ పిల్లి ద్వారా కూడా వస్తుంది, లక్షణాలు కనిపించాక ఆ జబ్బుకు మందు లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 0, 3, 7, 28 రోజుల్లో చర్మంలోకి వేసే సూదులు ఉచితం. రక్తం వచ్చిన గాయమైతే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ అనే మరో సూది కూడా అవసరం, గుర్తుంచుకుని అడగండి. ఈ పనిలోకి రోజూ వచ్చేవారు ముందే టీకా వేయించుకోవాలి.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపించేయాలా?

అక్కర్లేదు. భయమంతా టోక్సోప్లాస్మా గురించి. ఆ పరాన్నజీవి మలంలో బయటపడ్డాక మనిషికి సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇసుక పళ్ళేన్ని ఇంకొకరు రోజూ శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల నుంచి అది సోకే అవకాశం గురించి ఎక్కువ జాగ్రత్తపడాలి.

మా అపార్ట్‌మెంట్ సంఘం తిండి పెట్టనివ్వడం లేదు. చట్టం ఏమంటోంది?

జంతు జనన నియంత్రణ నియమాలు, 2023 ప్రధానంగా కుక్కల కోసం వచ్చినవే. అయితే వాటిలోని 20వ నియమం ఆవరణలో బతికే జంతువులకు తిండి పెట్టే ఏర్పాటు బాధ్యతను నివాసుల సంఘం మీదే ఉంచింది. పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా చోటు, వేళ నిర్ణయించాలి, తిండి పెట్టేవారు చెత్త మిగల్చకూడదు. విషం పెట్టడం, చంపడం, అవిటిని చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు జైలుశిక్షకు దారితీసే నేరం.

ఇవన్నీ తెలిసి ఉండాలి. కానీ చట్టాన్ని మొదటి రోజే బల్ల మీద పెట్టవద్దని మా సలహా. కార్యదర్శి గారి దగ్గరికి వెళ్ళి, ఆపరేషన్లు చేయిస్తామని, ఎన్ని పిల్లులకు ఎప్పటిలోగా అవుతుందో చెప్పండి. కారు మీద గోళ్ళ గీతలు పడ్డాయని కోపగించుకునే పెద్దాయనకు కారు కవరు ఒకటి కొనిచ్చిన చోట మా పని హాయిగా సాగుతోంది. పిల్లుల పక్షాన మాట్లాడేవారు మర్యాదగా ఉంటే వాటికి ఎదురయ్యే శత్రువులు తగ్గుతారు.

చెరకు తోటలో దొరికిన పిల్లి కూనను తెచ్చాం. దీనికీ ఇల్లు వెతుకుతారా?

అది వీధి పిల్లి కూన కాకపోవచ్చు. చెరకు కొట్టేటప్పుడు జంగపిల్లి కూనలు బయటపడుతుంటాయి. కాళ్ళు పొడవుగా, తోక పొట్టిగా, చెవుల కొసన చిన్న నల్లని కుచ్చు ఉంటాయి. కోరింగ మడ అడవుల చుట్టుపక్కల అయితే బావురుపిల్లి కూన కూడా కావచ్చు. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి వస్తాయి, ఇంట్లో పెంచకూడదు. దొరికిన చోటే, గట్టు నీడన వదిలి కూలీలు పక్కకు తప్పుకుంటే తల్లి రాత్రి వచ్చి తీసుకెళుతుంది. రాకపోతే అటవీ శాఖకు చెప్పండి. ఇంటి అటకల మీద తిరిగే పునుగు పిల్లి కూడా వన్యప్రాణే, అసలు పిల్లి కుటుంబానికి చెందినది కాదు.

వానాకాలం, దీపావళి రోజుల్లో ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

వాన పడిన ఉదయం కారు స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు వేయండి. వెచ్చదనం కోసం కూనలు ఇంజను పక్కకు దూరుతాయి. దీపావళికి వారం ముందు నుంచే తిండి చోటును చప్పుడు తక్కువగా ఉండే మూలకు మార్చి, అక్కడ అట్టపెట్టెలు బోర్లించి పెట్టండి. ఆ వారం పట్టడం, వదలడం చేయం.

నాకు సమయం తక్కువ, ఇంట్లో పిల్లిని ఉంచుకునే వీలూ లేదు. ఏం చేయగలను?

చాలా చేయగలరు. కారు ఉంటే ఆదివారం ఉదయం బోనుల్ని ఆసుపత్రికి చేర్చండి, డ్రైవర్లు వీధి పిల్లి అనగానే రైడ్ రద్దు చేస్తుంటారు. బాత్రూం ఒకటి ఖాళీగా ఉంటే ఆపరేషన్ అయిన పిల్లిని ఒక్క రాత్రి అక్కడ ఉంచనివ్వండి. పాత దుప్పట్లు, వార్తాపత్రికలు ఎప్పుడూ కావాలి. ఇవేవీ కుదరకపోతే మీ వీధిలో తిరిగే పిల్లుల లెక్క తీయండి. రంగు, ఆడో మగో, ఏ వేళకు ఎక్కడ తింటాయి, వేటి ఎడమ చెవి కొస తీసి ఉంది అన్నది ఒక కాగితం మీద రాసి, ఫోటోలతో పంపండి. ఆ లెక్క చేతిలో ఉంటే ఎన్ని బోనులు తేవాలో, డాక్టరును ఎన్ని రోజులు అడగాలో మాకు ముందే తెలుస్తుంది.